సెకండ్ హ్యాండ్ బండి కొన్న తమ్ముడికి: సైలెన్సర్ ఆగుతుంది, టైర్లు ఆగవు

తమ్ముడూ, బండికి కొత్త సైలెన్సర్ కొననా అని నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేయొచ్చు. ఆ సైలెన్సర్ కొనకు, టైర్లు మార్చు. కానీ అంతటితో ఆపితే నువ్వు వినవని నాకు తెలుసు. నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో దిగిన కొత్తలో ఒక పెద్దాయన నాకూ ఇలాగే రెండు ముక్కల్లో చెప్పాడు, ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నావు, 2014 కవాసకి నింజా 300 బైకు కొన్నావు, బాగుంది. మొదటి బండికి అంతకంటే బరువైనది అక్కర్లేదు. ఇంజెక్షన్ ఇంజిన్, అంటే పెట్రోలును కంప్యూటరే కొలిచి చిమ్ముతుంది, కాబట్టి కార్బ్యురేటర్ బాధ కూడా లేదు. నేను కొన్న 2008 నింజా 250కి కార్బ్యురేటర్లు ఉండేవి. నెల రోజులు కదపకుండా పెడితే ఇక్కడి ఇథనాల్ కలిసిన పెట్రోలు లోపల జిగురులా మారి జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు, మూసుకుపోయేవి, పొద్దున్నే చోక్ లాగి బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆ విషయంలో మీ బ్యాచ్ అదృష్టవంతులు. కానీ కొన్న వారానికే మూడున్నర వందల డాలర్ల సైలెన్సర్ మీద కన్నేశావు చూడు, అక్కడ మాత్రం మీరూ మేమూ ఒకటే.

డాలర్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానెయ్యమని ఇక్కడ అందరూ కొత్తవాళ్లకు చెబుతారు. నేను మానమనను. మూడున్నర వందలంటే మన లెక్కలో దాదాపు ముప్పై వేలు. మీ నాన్నగారు లోన్ కట్టే నెలలో ముప్పై వేలు పెట్టి చప్పుడు కొనుక్కుంటావా? అదీ చప్పుడొక్కటే. ఇంజెక్షన్ బండికి సైలెన్సర్ మొత్తం మారిస్తే పెట్రోలు మ్యాప్, అంటే ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటర్‌లో ఉండే లెక్క, కూడా మార్చాల్సి రావచ్చు, అది ఇంకో ఖర్చు. అది మార్చినా నీకు తెలిసేంత పవర్ పెరగదు.

నా సంగతి చెబుతాను, అప్పుడు నీకే అర్థమవుతుంది. ఆ నింజా 250 కొన్న రోజు దాని టైర్లు చూసి మురిసిపోయాను. గాడులు లోతుగా, అంచులు అరగకుండా, కొత్తవాటిలాగే ఉన్నాయి. అమ్మినవాడు బండిని గ్యారేజీలోనే ఉంచాడు, ఎక్కువ తిప్పలేదు. నేను దాన్ని మంచి లక్షణం అనుకున్నాను. చేతిలో మిగిలిన డబ్బుతో ఒక స్లిప్ ఆన్ సైలెన్సర్ (చివరి గొట్టం మాత్రమే మార్చే రకం), గాలి ఆపే నల్ల ముందు అద్దం తగిలించాను. ఫొటోలు తీసి తెనాలిలో మా బావకు పంపించుకున్నాను. టెక్సాస్‌లో ఎండాకాలం ఎలా ఉంటుందో నీకు తెలుసు, వారాల తరబడి చుక్క పడదు, రోడ్డు మీద కార్లు కార్చిన ఆయిల్ అలాగే పేరుకుంటుంది. మొదటి వాన పడిన పావుగంట అది పైకి తేలుతుంది. సరిగ్గా ఆ పావుగంటలోనే ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర కుడివైపు తిరిగాను. స్పీడు లేదు, సైకిల్ తొక్కేవాడు కూడా దాటిపోయేంత. వెనక టైరు నింపాదిగా పక్కకు వెళ్లిపోయింది, అంతే. ఫెయిరింగ్, అంటే బండి మీది ప్లాస్టిక్ తొడుగు, పగిలింది, క్లచ్ లివర్ విరిగింది, ఫుట్‌రెస్ట్ వంగింది, కొత్త సైలెన్సర్ గీసుకుపోయింది, నా మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని చెప్పి పంపినందుకు వచ్చిన బిల్లు బండి ధరలో సగం ఉంది. పక్క మీద పడుకుని ఆ బిల్లును రూపాయల్లోకి మార్చుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత టైరు మీద నంబరు చూస్తే అది నేను కొనేనాటికే చాలా పాతది. రబ్బరు ఎండి గట్టిపడిపోయింది, గోరు గుచ్చితే దిగలేదు. గాడులు ఎంతున్నా గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని పైసా ఖర్చు లేనిది. టైరు పక్కన డాట్ (DOT) అన్న ఇంగ్లీషు అక్షరాల తర్వాత ఒక వరస ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు చూడు. 3516 అని ఉంటే 2016లో 35వ వారంలో తయారైందని లెక్క. ఒక్కోసారి ఆ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉంటాయి, వంగి రెండో పక్క కూడా చూడు. అయిదారేళ్లు దాటితే గాడులు ఎంతున్నా మార్చేయి, బేరం లేదు. నీ బండికి టైరు సైజు ముందు 110/70-17, వెనక 140/70-17. రెండూ కలిపి సుమారు రెండు వందల డాలర్ల పైచిలుకు అవుతుంది. ఇక్కడ డబ్బు మిగిల్చే దారి ఒకటి ఉంది. బండిని షాపుకు తీసుకెళ్లి టైరు మార్చమంటే చక్రం విప్పి బిగించినందుకు గంట కూలీ వేస్తారు, ఆ గంట చాలా చోట్ల వంద డాలర్ల పైమాటే. అదే చక్రం నువ్వే విప్పి, స్నేహితుడి కారులో వేసుకెళ్లి ఇస్తే టైరు ఎక్కించి బ్యాలెన్స్ చేయడానికి అందులో చిన్న వాటా తీసుకుంటారు. బయట కొన్న టైరైతే కొన్ని షాపులు రేటు పెంచుతాయి, కొన్ని అసలు ముట్టుకోవు. ముందే ఫోన్ చేసి కనుక్కో. కొత్త టైరుతో మొదటి వంద మైళ్లు వంపుల్లో వాల్చకు, పైన నున్నటి పొర అరగాలి.

గాలి ముందు 28 పీఎస్ఐ, వెనక 32. బండి తిప్పకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. టైరు మీద అచ్చు వేసిన పెద్ద అంకె అది తట్టుకునే గరిష్ఠం, నువ్వు కొట్టాల్సిన గాలి కాదు. ఊళ్లో పంక్చర్ షాపు కుర్రాడు బొటనవేలితో నొక్కి చూసి చాలన్నా అంటాడే, ఆ పద్ధతి ఇక్కడ మర్చిపో, పది డాలర్ల గేజ్ కొనుక్కో.

తర్వాత బ్రేకులు. మనకు స్ప్లెండర్ మీద నేర్పినవాళ్లంతా ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతావని భయపెట్టారు. బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, ఇక్కడ బైకు నేర్పే కోర్సులో మొదటిరోజే అది అలవాటు చేయిస్తారు. హ్యాండిల్ మీద కుడివైపు చిన్న డబ్బా ఉంటుంది, దాని కిటికీలోంచి బ్రేక్ ఆయిల్ చూడు. లేత పసుపులో ఉంటే సరే, కాఫీ డికాక్షన్ రంగుకొస్తే ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదని అర్థం. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు వేడికి ఆవిరైతే లివర్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసా పది డాలర్ల లోపే, మూత తీసిన పాతసీసా వాడకు. డాట్ 5 అని పక్కనే ఉంటుంది, అది సిలికాన్ రకం, దీంతో కలపకూడదు. ట్యాంకు మీద ఒక్క చుక్క పడినా పెయింటు లేచిపోతుంది, పాత తువ్వాలు కప్పి చెయ్యి. నీకు ధైర్యం చాలకపోతే ఈ ఒక్కదానికీ మెకానిక్‌కి డబ్బులివ్వు, నేనేమీ అనను.

చైన్ విషయంలో పిసినారితనం చూపించొచ్చు, కానీ చూసి. వెనక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు కొక్కెంలా వంగితే, లేదా చైన్‌లో కొన్ని లింకులు బిగుసుకుని మడతపడి ఉంటే, సెట్ మొత్తం మార్చాలి. కొత్త చైన్‌ని పాత పళ్ల మీద వేస్తే ఆ కొత్తదీ త్వరగానే పోతుంది. అలా లేకపోతే కిరసనాయిలు, మెత్తటి బ్రష్, ఒక చైన్ లూబ్ డబ్బా చాలు. ఇనప బ్రష్, పెట్రోలు వాడితే లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. నీలం పసుపు డబ్బా స్ప్రే, డబ్ల్యూడీ-40, ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది కదా, అది మురికి వదిలించడానికే గానీ లూబ్ కాదు. నీ బండికి సెంటర్ స్టాండ్ రాదు కాబట్టి వెనక్కి ఎత్తే స్టాండ్ ఒకటి కొనుక్కో, పాతదైనా పర్లేదు. ఇంకో మాట, ఇంజిన్ ఆన్ చేసి గేరులో చక్రం తిప్పుతూ చైన్ తుడిచేవాళ్లను వీడియోల్లో చూసుంటావు. చెయ్యకు. గుడ్డ చైన్‌లో పడితే దాంతోపాటు వేళ్లు పోతాయి. చక్రాన్ని చేత్తో తిప్పుకో.

ఇంజిన్ ఆయిల్ నువ్వే మార్చుకో. సీసా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు ఆయిల్‌కి ఇచ్చే గుర్తు) అని ఉందో లేదో చూడు, గ్రేడు 10డబ్ల్యూ-40. కార్లకు పోసే పలచటి ఆయిల్ చవక కదా అని పోస్తే క్లచ్ జారుతుంది, ఎందుకంటే మన బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. పాత ఆయిల్ కాలవలో పోస్తే నేరం. ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్ట్స్ షాపులకు తీసుకెళ్తే డబ్బులు అడగకుండా తీసుకుంటారు, ఆటోజోన్‌లో కొన్ని పనిముట్లు డిపాజిట్ కట్టి అరువుకు కూడా ఇస్తారు. కింద డ్రెయిన్ బోల్టు బిగించేటప్పుడు మాత్రం నీ జిమ్ బలం చూపించకు. నేను కారిపోతుందేమోనని భయపడి గట్టిగా తిప్పితే అల్యూమినియం మర ఊడి చేతికొచ్చింది. టార్క్ రెంచ్ కొనడం దండగ అనుకున్నవాడిని, దానికి నాలుగింతలు మర వేయించడానికి పోశాను. మాన్యువల్‌లో ఎంతుందో అంతే బిగించు, వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యి. అలాగే జపాన్ బండ్ల మీద ప్లస్ స్క్రూలు మన మామూలు స్క్రూ డ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు, తల అరిగిపోతుంది. జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం రకం స్క్రూ డ్రైవర్ అడుగు. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది డ్రిల్లు పెట్టుకుంటారో.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి విప్పకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఎవరో ఒకరుంటారు, వాళ్ల గ్యారేజీ ఆదివారం ఖాళీగానే ఉంటుంది. ఒక బిర్యానీ ప్యాకెట్ పట్టుకెళ్లు.

బ్యాటరీ మీటరు పెట్టి చూస్తే బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు 14 దగ్గర ఉండాలి. నీ బండికి కిక్ లేదు, సెల్ఫ్ పోతే తోయడమే గతి. చలికాలం తిప్పకపోతే బ్యాటరీ తీసి గదిలో ఛార్జర్‌కు పెట్టుకో. ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) మీద నూనె చారలుంటే సీళ్లు పోయాయని అర్థం, ఆ నూనె బ్రేక్ డిస్క్ మీదికి దిగకముందే చూపించు. బండి గుర్తింపు కోసం ఉండే పదిహేడు అక్షరాల విన్ నంబరు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొడితే నీ బండికి పెండింగ్ రీకాల్, అంటే కంపెనీ పిలిచి సరిచేసే లోపం, ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఉంటే డీలరు ఉచితంగానే చేస్తాడు.

ఇదంతా అయ్యాక డబ్బు మిగిలితే తగిలించాల్సినవి రెండే. ఫ్రేమ్ స్లైడర్లు, అంటే రెండు పక్కలా బిగించే ప్లాస్టిక్ గుబ్బలు. అవే ఆ రోజు నా బండికి ఉంటే ఫెయిరింగ్ మిగిలేది. రెండోది, స్టాండ్ కింద పెట్టే బిళ్ల. జూలైలో ఇక్కడి తారు మెత్తబడి సైడ్ స్టాండ్ దిగిపోతుంది, క్లాసు నుంచి వచ్చేసరికి బండి పక్కకు వాలి పడుంటుంది. దానికి కొనాల్సిన పని కూడా లేదు, చదునైన ఇనప మూత ఏదైనా చాలు.

హెల్మెట్ మాత్రం ఊరినుంచి తెచ్చుకున్నది వాడకు. ఐఎస్ఐ గుర్తు ఇక్కడ చెల్లదు, డాట్ గుర్తు ఉండాలి, దాంతోపాటు యూరప్ వాళ్ల ఈసీఈ గుర్తు కూడా ఉంటే మంచిది. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ అసలే వద్దు, అది ఎన్నిసార్లు కింద పడిందో నీకు తెలీదు. టెక్సాస్‌లో 21 దాటినవాళ్లు కోర్సు చేసినా, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా హెల్మెట్ లేకుండా నడపొచ్చని మీ రూమ్మేట్ అనే ఉంటాడు. నిజమే. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన డాక్టరు బిల్లు తగ్గించడు.

లైసెన్సు మీద క్లాస్ ఎం (బైకు నడిపే అనుమతి), టైటిల్ అనే యాజమాన్య పత్రం నీ పేరు మీదికి మార్చుకోవడం, 6.25 శాతం పన్ను, ఇవన్నీ ప్రభుత్వ సైట్లలోనే చూసుకో. 2025 జనవరి నుంచి మామూలు బండ్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కాబట్టి బ్రేకులు, లైట్లు చూసేవాడు ఇక నువ్వొక్కడివే.

ఇన్సూరెన్స్ సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. బండికి తీసుకున్న లయబిలిటీ పాలసీ ఎదుటివాడి నష్టానికే, నీ చెయ్యి విరిగితే దానికి సంబంధం లేదు. నీకు పనికొచ్చేది యూనివర్సిటీ హెల్త్ పాలసీ. కొన్ని స్టూడెంట్ పాలసీల్లో మోటార్ సైకిల్ ప్రమాదాలకు డబ్బు ఇవ్వమని మినహాయింపుల పేజీలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఈ వారాంతం బండి బయటికి తీయకముందు ఆ పేజీ చదువు. ఆ మాట కనిపిస్తే టైర్ల కంటే కూడా ముందు దాని సంగతి తేల్చుకో. ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే వేరే పాలసీలు చెబుతారు, ప్రీమియం ఎంతో నాకు రాయి, నీ సైలెన్సర్ డబ్బుతో సరిపోతుందేమో చూద్దాం.