కారు రేటు తగ్గింది, స్పేర్ పార్టుల రేటు తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 34. పెర్ఫార్మెన్స్ కారు కొనాలని కాలేజీ రోజుల నుంచి కోరిక. ఏడేళ్ల కిందటి టర్బో పెట్రోల్ కారు ఒకటి బాగా నచ్చింది. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే రకం, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. 70 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇద్దరు ఓనర్లు మారారు. కొత్తగా ఉన్నప్పటి ధరలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువకు ఇస్తామంటున్నారు. మూడేళ్లుగా దాచిన డబ్బు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చులకు డబ్బు వేరే ఉంది. రిపేర్లు వస్తే అప్పటికి ఏదైనా లోన్ తీసుకోవచ్చని ఆలోచన. ఈ మోడల్ నమ్మకమైనదేనా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ఇంకొకరు కూడా చూస్తున్నారు, ఈ వారంలోనే తేల్చమని అమ్మే ఆయన అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఈ వారంలో తేల్చకండి. ఇంకొకరు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. మీకు కారు వద్దని చెప్పడం లేదు. మూడేళ్లు ఓపిగ్గా దాచుకుని, ఇంటి ఖర్చుల డబ్బును ముట్టుకోకుండా వచ్చారు, మీ కోరిక తీరాలనే నాకూ ఉంది. కానీ మీ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ కారు కొత్తగా ఉన్నప్పటి ధరను 100 అనుకోండి. ఇప్పుడు మీకు 35కు వస్తోంది. మీ దగ్గర ఉన్నది 36. ఏడేళ్లలో కారు ధర 65 తగ్గింది కదా, మరి దాని టర్బో ధర ఎంత తగ్గింది? గేర్‌బాక్స్ ధర? బ్రేక్ డిస్కుల ధర? ఏమీ తగ్గలేదు. చాలాసార్లు పెరుగుతాయి కూడా. విడిభాగాలు తయారుచేసే కంపెనీకి మీరు మొదటి ఓనరా, మూడో ఓనరా అన్నదానితో పని లేదు. 35 పెట్టి కొన్న కారును మీరు పోషించాల్సింది 100 ధర ఉన్న కారులాగే. సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ కారు కొన్నవాళ్లకు ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

నేను క్లయింట్లకు వేసే అంచనా ఇది. మామూలు సర్వీసులు, టైర్లు, బ్రేకులు అన్నీ కలిపి ఏడాదికి కొత్త ధరలో 3 శాతం అనుకుంటే, మీరు పెట్టే 35లో అది దాదాపు 9 శాతం. ప్రతి సంవత్సరం. ఇన్సూరెన్స్, పెట్రోలు దీనికి అదనం. వీటి మీద ఒక పెద్ద రిపేర్ వచ్చి 7 ఖర్చయిందనుకోండి, కారుకు పెట్టిన డబ్బులో ఐదో వంతు ఒక్కసారిగా పోతుంది. కొన్నాక మీ చేతిలో మిగిలేది 1.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. ఈ మోడల్ నమ్మకమైనదేనా అని పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి, పదీ నిజమే కావచ్చు. ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకే రోజు బయటికొచ్చిన రెండు కార్లను తీసుకోండి. ఒకాయన రోజూ ఆయిల్ వేడెక్కేదాకా నెమ్మదిగా నడిపి, కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఆయిల్ మార్పించారు. ఇంకొకాయన స్టార్ట్ చేసిన నిమిషానికే యాక్సిలరేటర్ నేలకు తొక్కి, మధ్యలో రీమ్యాప్ చేయించి (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి), అమ్మే ముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించారు. ఏడేళ్ల తర్వాత ఈ రెండూ ఒకే కారు అనుకోవడానికి లేదు. ఫ్యామిలీ కారులో ఓనర్ల మధ్య ఇంత తేడా రాదు. దాన్ని ఎవరు నడిపినా దాదాపు ఒకేలా నడుపుతారు.

మోడల్ పేరు వల్ల ఉపయోగం లేకపోలేదు. ఏ జబ్బు కోసం వెతకాలో అది చెబుతుంది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన పోర్షె 911, బాక్స్‌టర్ కార్లలో ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. బీఎండబ్ల్యూ ఎన్54 టర్బో ఇంజిన్ హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు మీద 2010లో అమెరికాలో రీకాల్ జరిగింది. 2000ల నాటి ఆడి ఎస్4లో వచ్చిన వీ8 ఇంజిన్‌కు టైమింగ్ చైన్లు, అంటే వాల్వుల కదలికను ఇంజిన్‌తో జోడించే గొలుసులు, వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. చైన్ గైడ్లు చిన్న ప్లాస్టిక్ ముక్కలే, కానీ వాటిని మార్చాలంటే మామూలుగా ఇంజిన్ కిందికి దించాల్సిందే. లేబర్ బిల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించండి. మాజ్దా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజిన్ పనితనమే కొంత ఆయిల్ కాల్చుకునే పద్ధతి, దానికి కంప్రెషన్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి) చూడాలంటే ప్రత్యేకమైన పరికరం కావాలి. మీరు చూస్తున్న కారు ఇంజిన్ కోడ్ ఏమిటో కనుక్కోండి. అదే ఇంజిన్‌ను రోజూ విప్పే మెకానిక్‌ను అడిగితే దానికి వచ్చే రెండు మూడు పెద్ద జబ్బులేమిటో, ఒక్కోదానికి ఎంత అవుతుందో చెబుతారు. ఆ అంకెలు రాసి పెట్టుకోండి.

తర్వాత కాగితాలు. సర్వీస్ బుక్‌లో ముద్రలు చూసి సంతోషపడకండి, బిల్లులు అడగండి. బిల్లు మీద తేదీ, అప్పటి కిలోమీటర్లు, వేసిన ఆయిల్ గ్రేడ్, మార్చిన పార్టులు ఉంటాయి. వాటిని తేదీల వారీగా నేల మీద పరిచి చూడండి. కిలోమీటర్లు ఎక్కడైనా వెనక్కి వెళ్లాయా? ఏడాదిన్నర పాటు ఒక్క బిల్లూ లేని కాలం ఉందా? నేను ముఖ్యంగా చూసేది గేర్‌బాక్స్ ఆయిల్. ఆయిల్‌లో మునిగి పనిచేసే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి సుమారు 60 వేల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మీ కారు 70 వేలు దాటింది కాబట్టి ఆ బిల్లు ఉండాలి. లేదంటే ఓనర్ ఆ ఖర్చు మీ నెత్తిన పెడుతున్నట్టే. నాలుగు చక్రాలకు పవర్ పంచే కప్లింగ్ ఆయిల్, రెండేళ్లకోసారి మార్చాల్సిన బ్రేక్ ఫ్లూయిడ్, స్పార్క్ ప్లగ్గులు కూడా ఇలాగే చూడండి. ఇంజిన్‌కు చైన్ బదులు టైమింగ్ బెల్ట్ ఉంటే దానికి కిలోమీటర్లతో పాటు వయసు గడువు కూడా ఉంటుంది, తక్కువ తిరిగిన కారయినా మార్చాల్సిందే.

కారును చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. ఆ మధ్య ఒక క్లయింట్‌కు తోడుగా వెళ్లాను. ఏడింటికి అక్కడ ఉన్నాం. మాతో వచ్చిన మెకానిక్ పలకరింపులు కూడా కాకముందే బానెట్ మీద అరచేయి పెట్టి ఆగిపోయారు. వెచ్చగా ఉంది. కడగడానికి కాస్త ముందుకు జరిపామని ఓనర్ చెప్పారు. కాస్త జరిపితే అంత వేడెక్కదు. రెండు రోజులాగి మళ్లీ వస్తాం, ముట్టుకోవద్దని చెప్పి వచ్చేశాం. రెండోసారి ఇంజిన్ చల్లగా ఉంది. స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్లు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలా చప్పుడు, తర్వాత సద్దుమణిగింది. టైమింగ్ చైన్ వదులైంది. వేడి మీద ఉన్నప్పుడు ఆ చప్పుడు ఉండదు. మెకానిక్ అక్కడే లెక్క వేసి చెబితే కారు ధరలో దాదాపు పావు వంతు తేలింది. మా క్లయింట్ ఆ కారు కొనలేదు. చప్పుడు వినిపించింది ఐదు సెకన్లే, పొద్దున్నే మళ్లీ వెళ్లకపోతే అదీ వినపడేది కాదు.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వెనక పొగ కూడా గమనించండి. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లటి పొగ, ఆవిరి కొద్దిసేపట్లో ఆగిపోతే పర్వాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, తియ్యటి వాసన వేస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి.

తనిఖీకి అమ్మేవాళ్ల మెకానిక్‌ను కాకుండా మీరు డబ్బు కట్టే మెకానిక్‌ను పెట్టుకోండి. ఈ ఒక్క ఖర్చు విషయంలో పిసినారితనం వద్దని బతిమాలి చెబుతున్నాను. కారు ధర ముందు ఇది చాలా చిన్న మొత్తం. ఆయన స్కానర్ పెట్టినప్పుడు ఫాల్ట్ కోడ్‌లు లేవని తేలితే చాలదు. నిన్న రాత్రి చెరిపేసినా లేవనే చూపిస్తుంది. ఎమిషన్ సిస్టమ్‌ల సొంత పరీక్షలు పూర్తయ్యాయా అని కూడా స్కానర్‌లో కనిపిస్తుంది, దాన్ని రెడీనెస్ అంటారు. కోడ్‌లు చెరిపితే ఆ పరీక్షలు మళ్లీ మొదటి నుంచి జరగాలి, కొన్ని రోజులు రకరకాలుగా నడిపితే తప్ప పూర్తి కావు. రోజూ తిరుగుతున్న కారులో సగం పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తే, ఎందుకని అడగండి.

కొన్ని కార్ల ఇంజిన్ కంప్యూటర్‌లో ఓవర్ రెవ్‌ల లెక్క, అంటే ఇంజిన్ తన హద్దు మించి ఎన్నిసార్లు తిరిగిందో కూడా దొరుకుతుంది. పోర్షె కార్లలో అది ఎంత వేగంగా తిరిగిందన్న శ్రేణుల వారీగా ఉంటుంది. ఎందుకు ముఖ్యమంటే, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రెవ్ లిమిటర్ ఇంజిన్‌ను ఆ హద్దు దాటనివ్వదు. కానీ మాన్యువల్ గేర్‌తో వేగంగా వెళ్తూ నాలుగో గేర్‌కు బదులు పొరపాటున రెండో గేర్ వేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి, లిమిటర్ ఏమీ చేయలేదు. వాల్వులు, బేరింగులు అక్కడే దెబ్బతింటాయి. మీది కంప్యూటరే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ కాబట్టి ఈ భయం తక్కువ. మీకు ఎక్కువ భయం రీమ్యాప్. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చారో కొన్ని కంప్యూటర్లు గుర్తుపెట్టుకుంటాయి. లేదంటే ఎయిర్ ఇన్‌టేక్ క్లిప్పుల మీద గీతలు, ఎగ్జాస్ట్ బోల్టులు విప్పి బిగించిన గుర్తులు మెకానిక్ కంటికి కనిపిస్తాయి. మార్చడమే తప్పని నేననను. దాచడం తప్పు.

కంప్రెషన్ టెస్ట్, లీక్ డౌన్ టెస్ట్ రెండూ చేయించండి. సిలిండర్లన్నిటి అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గిందంటే గాలి ఎక్కడి నుంచి పోతోందో లీక్ డౌన్ చెబుతుంది, పిస్టన్ రింగుల నుంచా, వాల్వుల నుంచా అని. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్ అయితే ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది, ఎందుకంటే వాటిని కడగడానికి పెట్రోలు అటు రాదు. ఎప్పుడైనా శుభ్రం చేయించారా అని అడగండి.

టైర్లు మీరే చూడగలరు. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగూ ఒకే బ్రాండా, అరుగుదల ఒకేలా ఉందా? నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారులో రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలతలో తేడా వచ్చి కప్లింగ్, డిఫరెన్షియల్ మీద ఒత్తిడి పడుతుంది. టైర్ల దగ్గర కక్కుర్తి పడిన ఓనర్ కంటికి కనిపించని ఆయిల్ దగ్గర ఎలా ఉంటారో నాకు అనుమానమే. బ్రేక్ డిస్క్ మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, మెకానిక్ కొలిచి చెబుతారు. పెయింట్ మందం కొలిచే పరికరంతో బాడీ అంతా ఒకసారి చూడమనండి. కంపెనీ పెయింట్ చాలా కార్లలో 200 మైక్రాన్ల లోపే ఉంటుంది. ఒక డోరు దగ్గర హఠాత్తుగా 500 చూపిస్తే అక్కడ మళ్లీ పెయింట్ వేసినట్టు, పైన పటారం, లోన లొటారమే.

తనిఖీ పూర్తయ్యేసరికి మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. వెంటనే చేయించాల్సినవి, ఏడాదిలో వచ్చేవి, రెండు మూడేళ్లలో రావచ్చుననుకునే పెద్దవి. ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. మొదటి వరుస మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి, అందులో మొహమాటం వద్దు. రెండో వరుస మీ ఏడాది బడ్జెట్. మూడో వరుసలో అన్నిటికంటే పెద్ద అంకె మీ రిపేర్ నిధి, కారు కొన్న రోజే అది మీ దగ్గర ఉండాలి.

రిపేర్ వస్తే లోన్ తీసుకుంటానన్నారు. దానికి మాత్రం నేను ఒప్పుకోను. గేర్‌బాక్స్ పోయిన కారు గ్యారేజీలో నిలబడి ఉంటుంది, మీరు ఆఫీసుకు వేరే బండి మీద వెళ్తుంటారు, నెలనెలా వాయిదా మాత్రం కడుతుంటారు. ఆ టెన్షన్‌లో చాలామంది సగం ధరకు కారు వదిలించుకుంటారు. ఇంటి ఖర్చుల నిధిలోంచి తీయడం అంతకంటే చెడ్డది.

అందుకని మీ 36ను ఇలా విడగొట్టండి. కారుకు 27, వెంటనే చేయాల్సిన పనులకు 2, రిపేర్ నిధికి 7. కొన్నాక ప్రతినెలా ఏడాది పోషణ ఖర్చులో పన్నెండో వంతు ఆ నిధిలో వేస్తూ ఉండండి. 27కు ఈ కారు రాదు, నాకు తెలుసు. అదే మోడల్‌లో కాస్త తక్కువ పవర్ ఉన్న వెర్షన్, లేదా ఒక్క ఓనర్ చేతిలోనే ఉండి బిల్లులన్నీ ఉన్న చిన్న కారు వెతకండి. ఇదే కావాలని మనసు పీకుతుంటే ఇంకో తొమ్మిది, పది నెలలు దాచండి. మూడేళ్లలో 36 కూడబెట్టారంటే ఏడాదికి 12 చొప్పున. 35 కారుకు పోను ఇప్పుడు 1 ఉంది, తొమ్మిది నెలల్లో ఇంకో 9 వస్తుంది. ఈలోగా ఆ కారు ధర ఇంకాస్త తగ్గవచ్చు కూడా.

ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తామంటే షరతులు చివరిదాకా చదవండి. అరుగుదల, మార్పులు చేసిన కారు, ట్రాక్ మీద నడపడం, సర్వీస్ బిల్లులు లేకపోవడం, ఇవి సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. పెర్ఫార్మెన్స్ కారుకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం వాటి కిందికే తోసేస్తారు. ఇన్సూరెన్స్ కోట్ కారు కొనకముందే తీసుకోండి, కారులో ఏ మార్పు ఉన్నా వాళ్లకు చెప్పండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది.

ఈరోజు చేయాల్సింది ఒక్కటే. అమ్మే ఆయనకు ఫోన్ చేసి రెండు మాటలు అడగండి: పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూడనిస్తారా, నా మెకానిక్ దగ్గర సగం రోజు ఉంచనిస్తారా? కుదరదంటే ఆ కారును మర్చిపోండి. సరేనంటే తనిఖీ చేయించి, మూడు వరుసల అంకెలున్న ఆ కాగితం నాకు పంపండి. దాన్ని ముందు పెట్టుకుని మీ 36ను మళ్లీ లెక్క వేద్దాం.