ఓకామెల్‌లో ఫోల్డ్ మెథడ్ స్ట్రింగ్‌తో ఎందుకు ఆగిపోతోంది

ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మీరు రాసిన ఫోల్డ్ (జాబితాలోని అంశాలన్నిటినీ ఒక్కటిగా కూర్చే మెథడ్) ఇంట్‌లతో, అంటే పూర్ణాంకాలతో పనిచేసి, స్ట్రింగ్‌తో, అంటే అక్షరాల వరుసతో ఎందుకు ఆగిపోతోందని అడిగారు. "అన్‌బౌండ్" ఎర్రర్ (టైప్ ఏదో తేలలేదన్న ఫిర్యాదు) పోవడానికి మీరు క్లాస్‌కి టైప్ పారామీటర్ (తర్వాత నిండే టైప్ ఖాళీ) తగిలించారు, చిక్కంతా అక్కడే. ఆ ఆబ్జెక్ట్‌తో మొదట ఇంట్‌లు కూడగానే టైప్ ఇంట్‌గా స్థిరపడిపోయింది, అందుకే తర్వాత స్ట్రింగ్ కూర్చబోతే ఒప్పుకోవట్లేదు.

1. క్లాస్ పారామీటర్ తీసేయండి.

2. టైప్‌ని మెథడ్ మీదే రాయండి: ఫోల్డ్, కోలన్, ఒంటి కొటేషన్‌తో ఏ, దాని వెంటనే చుక్క, తర్వాత పూర్తి టైప్. "ఏ టైప్‌కైనా" అని చెప్పేది ముందున్న ఆ ఏ, చుక్కే, ఆ రెండూ రాయకపోతే మళ్లీ అన్‌బౌండ్ ఎర్రరే.

3. చాలామంది వదిలేసేది ఇది. ఈ ఆబ్జెక్ట్‌ని తీసుకుని మొత్తం కూడే మీ ఫంక్షన్‌లో పారామీటర్‌కి టైప్ రాయలేదు. కంపైలర్ మెథడ్‌కి పాలిమార్ఫిక్ టైప్‌ని (ఏ టైప్‌కైనా సరిపోయేదాన్ని) తనంతట తాను ఊహించదు, లోపల ఇంట్‌తో వాడారు కాబట్టి మామూలు ఇంట్ మెథడ్ అనుకుంటుంది. ఫంక్షన్ చక్కగా కంపైల్ అవుతుంది, ఆబ్జెక్ట్ పంపే చోట మాత్రం ఫోల్డ్ మెథడ్ టైప్ కుదరట్లేదని ఎర్రర్ వస్తుంది, దాంతో అందరూ తప్పు లైన్‌లో వెతుకుతారు. ఆ ఫంక్షన్‌లో బ్రాకెట్‌లో పారామీటర్ పేరు, కోలన్, క్లాస్ పేరు రాస్తే చాలు.