ఎల్‌కేజీ పిల్లలా, ఐఈఎల్‌టీఎస్ పెద్దలా?

విదేశాల్లో ఇంగ్లిష్ టీచరుగా వెళ్లాలనుకునేవాళ్లు ఏ వయసువాళ్లకు చెప్పడం మేలని అడిగిన ప్రశ్నలివి.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లిష్, బీఈడీ చేశాను. ఆరేళ్లుగా తొమ్మిది, పది తరగతులకు చెబుతున్నాను. వియత్నాం వెళ్లాలని ఉంది. పసిపిల్లలతో నా వల్ల కాదు, పెద్దవాళ్ల క్లాసులే కావాలి. దొరుకుతాయా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

దొరుకుతాయి. కానీ పెద్దలే కావాలని పట్టుబడితే చాలాకాలం ఎదురుచూడాల్సి రావచ్చు. హోచిమిన్ సిటీలోనైనా, హనోయ్‌లోనైనా బయటి టీచర్లను ఎక్కువగా తీసుకునేవి ప్రైవేటు ఇంగ్లిష్ సెంటర్లు. వాటిని నిలబెట్టేది బడిపిల్లల ఫీజులే. పిల్లలు బడి వదిలాక వస్తారు, పెద్దలు ఆఫీసు వదిలాక వస్తారు. అందుకని వయసు మారినా వేళలు మారవు: మామూలు రోజుల్లో సాయంత్రం, శని ఆదివారాలు దాదాపు పూర్తిగా. పగటి పని, ఆదివారం సెలవు కావాలంటే కిండర్‌గార్టెన్‌లోనో బడిలోనో చూసుకోవాలి. అంటే మీరు ముందు తేల్చుకోవాల్సింది వయసు కాదు, వేళ.

మీ అనుభవం పదిహేనేళ్ల పిల్లలతో. దాన్ని వదులుకోకండి. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు ప్రవేశాల్లో ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చో తేల్చే పరీక్ష) స్కోరును లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి 15 నుంచి 18 ఏళ్లవాళ్ల బ్యాచ్‌లకు గిరాకీ బాగా ఉంటుంది. అప్లికేషన్‌లో ‘పెద్దలు’ అని రాసే బదులు ‘11 ఏళ్లు పైబడినవాళ్లు, ఐఈఎల్‌టీఎస్’ అని రాయండి. అయితే మీ సొంత స్కోరు ఎంతని అడుగుతారు. వెళ్లేముందు పరీక్ష రాసి ఉంచుకోండి. అందులో రాత భాగంలోని రెండో టాస్కు వ్యాసం కనీసం 250 పదాలు, 40 నిమిషాలు. గడియారం పెట్టుకుని మీరే నాలుగైదు రాసి చూసుకుంటే పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుస్తుంది.

కాగితాల సంగతి. డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. ఒరిజినల్స్ ధ్రువీకరణకు వారాలు పడుతుంది కనుక డిగ్రీతోనే మొదలుపెట్టి, పోలీస్ క్లియరెన్స్ చివర్లో తీసుకోండి. అది పాతబడితే ఒప్పుకోరు. మనవాళ్ల పని ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గర. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. రెండూ ఒక్కరివేనని అక్కడి గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? ఆ తేడా ఇక్కడే సరిచేయించుకోండి. ‘టూరిస్టు వీసా మీద వచ్చి క్లాసులు మొదలుపెట్టండి, పర్మిట్ తర్వాత చూద్దాం’ అనే ఏజెంటును మాత్రం నమ్మొద్దు. దొరికితే జరిమానా, తిరుగు టికెట్టు మీకే.

ప్రశ్న: సెల్టా (ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ సర్టిఫికెట్) పాసయ్యాను. ఉద్యోగానికి ముందు చూపించే డెమో క్లాసుకి మాత్రం ఐదేళ్ల పిల్లల్ని ఇచ్చారు, 15 నిమిషాలు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

సెల్టా పెద్దలకు చెప్పేవాళ్ల కోసం కట్టిన కోర్సు. అందులో మీరు చేసిన ఆరు గంటల ప్రాక్టీసు కూడా పెద్దల ముందే. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఐదేళ్లవాళ్ల దగ్గర రెండు నిమిషాల్లో గిల్లుకోవడంగా మారుతుంది.

నాలుగు మాటలు చాలు, ఐదోది వద్దు. అరటిపండు, యాపిల్, నారింజ, మామిడి అనుకోండి. మొదటి రెండు నిమిషాలు చేతులు ఊపే పాట. తర్వాత మూడు నిమిషాలు కార్డులు. ఏ4 సైజు బొమ్మను మరో కాగితం వెనక దాచి, అంగుళం అంగుళం పైకి లాగండి. కార్డును ముఖానికి అడ్డం పెట్టేస్తుంటారు చాలామంది. చెంప పక్కన పెట్టండి, పిల్లలకు మీ పెదాలు కనిపించాలి. తర్వాత నాలుగు నిమిషాలు ఒక్కో పండుకు ఒక్కో చేష్ట: ఒలవడం, కొరకడం, పిండడం, జుర్రడం. మాట రానివాడు కూడా చేష్ట చేస్తాడు, వాడు వింటున్నాడని మీకు తెలుస్తుంది. ఆపైన ఐదు నిమిషాలు ఆట, ఒక నిమిషం టాటా.

డెమోలు చెడేది ఆట దగ్గరే. గోడకు కార్డులు అంటించి ‘పరిగెత్తి ముట్టుకోండి’ అంటే పన్నెండు మందీ ఒక్కసారే లేస్తారు. నేల మీద రంగు టేపుతో గీత వేసి, దాని వెనక ఇద్దరేసి నిలబడాలన్న నియమం మీరే ఒకసారి నడిచి చూపించండి, మాటలతో చెప్పొద్దు. గెలుపు ఒక్కరికి ఇవ్వకండి. ఓడినవాడి ఏడుపు మీ మిగిలిన సమయం తినేస్తుంది. ‘డూ యూ అండర్‌స్టాండ్?’ అని అడగడం ఎటూ దండగే, అందరూ ‘యెస్’ అంటారు.

ప్రశ్న: థాయ్‌లాండ్ బడిలో చిన్న తరగతులు తేలికా, పెద్ద తరగతులా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

అక్కడ కిండర్‌గార్టెన్‌ని అనుబాన్, ప్రాథమికాన్ని ప్రథోమ్, ఆపైని మథయోమ్ అంటారు. ప్రథమ, మధ్యమ గుర్తొచ్చాయా? అవే, సంస్కృతం నుంచి వెళ్లినవి. ప్రథోమ్ 1 నుంచి 6, మథయోమ్ 1 నుంచి 6.

ప్రభుత్వ బడిలో ఒక గదిలో 40 మంది దాకా ఉండొచ్చు. ఒక్కో సెక్షన్‌కు మీరు వారానికి ఒకటి రెండు పీరియడ్లే వెళ్తే, వందల మంది మీ విద్యార్థులైనా ఎవరి పేరూ నోటికి రాదు. ప్రథోమ్‌లో గొంతు పోతుంది, మథయోమ్‌లో ఉత్సాహం పోతుంది, ఎందుకంటే తప్పు మాట్లాడి నవ్వులపాలవుతామని పెద్ద పిల్లలు నోరు విప్పరు. నిలబెట్టి అడగడం మానండి. రెండు నిమిషాలు రాసుకోనివ్వండి, పక్కవాడికి చదివి వినిపించనివ్వండి, అప్పుడు అడగండి. గొంతు జాగ్రత్త తెలిసినవాళ్లకు ప్రథోమ్ 3, 4 తరగతులే సుఖమని మా అభిప్రాయం: రాయడం వచ్చి ఉంటుంది, సిగ్గు ఇంకా వచ్చి ఉండదు.

మనలాంటి దేశాలవాళ్లను సాధారణంగా టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 మార్కులు అడుగుతారు. బడులు మే మధ్యలో తెరుస్తారు, కాబట్టి మార్చి, ఏప్రిల్‌లలో ప్రయత్నించండి.

ప్రశ్న: జపాన్, కొరియా?
– ఓ పాఠకుడు, వరంగల్

కొరియాలో మామూలు ఇంగ్లిష్ టీచరు వీసా ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులకు, అందులో మన దేశం లేదు. జపాన్ బడుల్లో చెప్పే వీసాకైతే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు 12 ఏళ్లు ఇంగ్లిష్‌లో చదివినట్టు చూపాలి. మీడియం రాసిన స్టడీ సర్టిఫికెట్లు ప్రతి బడి నుంచీ తెచ్చుకోండి.

ప్రశ్న: నా ఉచ్చారణలో తెలుగు వినిపిస్తుంది. చిన్నపిల్లలకు చెబితే తప్పు నేర్పినట్టవుతుందా?
– ఓ పాఠకురాలు, తిరుపతి

యాస తప్పు కాదు. కానీ పసివాళ్లు మీ నోరు చూసే నేర్చుకుంటారు, పెద్దవాళ్లకైతే వేరే ఆధారాలుంటాయి. పెద్దల దగ్గర మీరు వ్యాకరణం కష్టపడి నేర్చుకున్నవారు కావడం లాభమే, ఎక్కడ మెలిక పడుతుందో మీకు తెలుసు. పిల్లల క్లాసు ఎంచుకుంటే మాత్రం రెండు మూడు చోట్ల సాధన కావాలి.

మనం మాట చివర ‘ఉ’ చేరుస్తాం: బుక్కు, బస్సు. వియత్నాం పిల్లలు చివరి హల్లే మింగేస్తారు, వాళ్ల నోట ‘లైక్’, ‘లైట్’, ‘లైఫ్’ మూడూ ‘లై’ అయిపోతాయి. మీరు ‘లైకు’ అంటే వాళ్లు అదీ పట్టుకుంటారు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని, చివరి ‘క్’ గొంతు లేకుండా గాలితో మాత్రమే పలకండి. చేతికి గాలి తగలాలి, వెనక అచ్చు వినబడకూడదు. ఇదే ఆట పిల్లల చేత కూడా ఆడించవచ్చు.

ఇంకొకటి: పడమర అనే మాట, చేతుల్లేని బనియన్ అనే మాట తెలుగులో రాస్తే రెండూ ‘వెస్ట్’. మొదటిదానికి పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు రోజుకు ఐదు నిమిషాలు చేస్తూ, వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని పాతదానితో పోల్చి వినండి.