దేవుడు ప్రేమిస్తున్నాడని తెలుసు, కానీ అనిపించడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది. మొదట్లో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. ప్రార్థన పది నిమిషాలు దాటదు. బైబిల్‌ను ఆదికాండం నుంచి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ లేవీయకాండం దగ్గర ఆపేశాను. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని తెలుసు, కానీ లోపల ఏమీ అనిపించదు. నా విశ్వాసం చల్లారిపోయినట్టేనా?

జవాబు:

వందనాలండి. లేవీయకాండం దగ్గర ఆగిపోయినందుకు దిగులు పడకండి, అక్కడ ఆగినవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆ సంగతి చివర్లో చెప్తాను. అసలు చిక్కు ‘అనిపించదు’ అన్న మాట దగ్గరుంది.

యోహాను 3:16 మనందరికీ కంఠతా వచ్చు. తెలుగులో ‘ఎంతో ప్రేమించెను’ అని ఉండేసరికి అది కొలతలా వినిపిస్తుంది. అంత ప్రేమ ఉంటే నాకు కొంచెమైనా తెలియాలి కదా అనుకుంటాం. గ్రీకులో అక్కడున్న మాట ‘హూటోస్’. దాని ప్రధానమైన అర్థం ‘ఈ విధంగా’. అంటే ఎంత ప్రేమించాడన్న దానికన్నా ఎలా ప్రేమించాడన్నదే ఆ వచనం ముందుగా చెప్తోంది: కుమారుణ్ణి ఇచ్చాడు, అలా ప్రేమించాడు. దానికి కాస్త పైన 14వ వచనంలో మోషే ఎత్తిన సర్పం మాట వస్తుంది. సంఖ్యాకాండం 21లో పాము కరిచినవాడు బతకడానికి చేయాల్సింది ఒక్కటే, స్తంభం మీదున్న ఇత్తడి సర్పం వైపు చూడడం. కాటు పడ్డచోట వాపు తగ్గిందా లేదా అని చూసుకుంటూ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. విశ్వాసానికి యేసు ఇచ్చిన పోలిక అది. మీ ప్రశ్న చదివితే మీరు కొంతకాలంగా కాటు వైపే చూస్తున్నారనిపిస్తోంది.

రోమా 5:8 కూడా పక్కన పెట్టుకుని చూడండి. క్రీస్తు చనిపోవడం జరిగిపోయిన పని. దేవుడు తన ప్రేమను ‘వెల్లడిపరచుచున్నాడు’ అన్నది మాత్రం వర్తమానంలో ఉంది. ఈరోజు ప్రేమకు రుజువు కావాలంటే పౌలు ఆ పాత పనినే చూపిస్తున్నాడు, మన మనసు స్థితిని కాదు.

ఇంకో చిన్న భాషా సంగతి. మనలో చాలామంది వాడే పాత తెలుగు బైబిల్లో ప్రేమ అనే మాట కోసం కీర్తనలు తిరగేస్తే తక్కువే దొరుకుతుంది. ఎందుకంటే హీబ్రూలోని ‘హెసెద్’ను అక్కడ ఎక్కువగా ‘కృప’ అన్నారు. నిబంధన చేసినవాడు అవతలివాడు తప్పినా తాను తప్పకుండా చూపే నమ్మకమైన ప్రేమ అది. 136వ కీర్తనలో 26 వచనాల్లోనూ పల్లవిలా వచ్చే ‘ఆయన కృప నిరంతరముండును’ అదే మాట. వాడుక భాషలో వచ్చిన కొన్ని అనువాదాలు అక్కడ ప్రేమ అనే రాశాయి. కొత్త నిబంధనకు వచ్చేసరికి ఎఫెసీ 2:8లో కనిపించే ‘కృప’ వేరే మాట, గ్రీకులో ‘ఖారిస్’, అర్హత లేనివాడికి ఉచితంగా ఇచ్చేది. తెలుగులో రెండూ ఒకే మాటయ్యాయి. అందుకే కీర్తనల్లో కృప అన్నచోట ‘మాట తప్పని ప్రేమ’ అని మనసులో అనుకుని చదవండి. నెల రోజులు అలా చదివితే పాత నిబంధన దేవుడు కోపిష్టి, కొత్త నిబంధన దేవుడు ప్రేమగలవాడు అన్న అపోహ దానంతటదే పోతుంది.

ఇక చదవడం. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైచిలుకు పడతాయి. నాలుగు రోజులు తప్పితే పదమూడు అధ్యాయాల బాకీ పేరుకుంటుంది. ఆ బాకీ తీర్చలేకే మానేస్తారు, భక్తి లేక కాదు. కాబట్టి జనవరి ఒకటి పథకాలు మీకు వద్దు. ఆరు వారాలకు సరిపోయేలా ఇలా పెట్టుకోండి: మార్కు 16 అధ్యాయాలు, తర్వాత యోహాను సువార్త 21, తర్వాత మొదటి యోహాను పత్రిక 5. మొత్తం 42. రోజుకొక్కటే. మార్కుతో మొదలు ఎందుకంటే నాలుగు సువార్తల్లో అదే చిన్నది, పరుగు మీద నడుస్తుంది. మామూలు అధ్యాయం బయటికి చదివితే అయిదారు నిమిషాలు. మార్కు 14 మాత్రం 72 వచనాలు, ఆ రోజు ఇంకాస్త సమయం పెట్టుకోండి. బయటికి చదవమన్నది ఊరికే కాదు. గ్రాంథిక భాషను కళ్లతో చదివితే మూడో వచనానికే మనసు ఎటో పోతుంది, చెవికి వినిపిస్తే వాక్యం ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. అయినా అర్థం కాకపోతే పక్కన వాడుక భాష అనువాదం ఉంచుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవొద్దు. ఆగినచోటి నుంచే ఒకటి చదవండి, 42 రోజులు 50 అవుతాయి, అంతే.

చదివాక నోట్‌బుక్కులో రెండే లైన్లు రాయండి. ఈ అధ్యాయంలో దేవుడు, లేదా యేసు, ఏం చేశాడు? ఎవరికి చేశాడు? ‘నాకేం చెప్తున్నాడు’ అన్న ప్రశ్న మొదటి రెండు వారాలు పక్కన పెట్టండి. ఆ ప్రశ్నతోనే మొదలుపెడితే ప్రతి పేజీలో మన సమస్యే కనిపిస్తుంది, ఆయన కనిపించడు. కుష్ఠరోగిని ముట్టుకున్నాడు, జనం తిన్నారా లేదా అని పట్టించుకున్నాడు, గుడ్డివాడైన బర్తిమయి కేక విని నిలబడ్డాడు అని నలభై రోజులు వరుసగా రాసుకుంటే ప్రేమంటే ఏమిటో మీ చేతిరాతలోనే మీ ముందుంటుంది.

పది నిమిషాల ప్రార్థన గురించి సిగ్గుపడుతున్నారు. మత్తయి 6:7లో యేసు వద్దన్నది మాటలు పెంచడాన్ని. ఆ వెంటనే నేర్పిన ప్రార్థన మెల్లగా చెప్పినా నిమిషం పట్టదు. దాన్ని అప్పజెప్పకుండా వరుసగా వాడుకోండి: నామం, రాజ్యం, చిత్తం ముందు, ఆ తర్వాతే ఆహారం, క్షమాపణ, శోధన. మన ప్రార్థన ఎండిపోవడానికి మామూలు కారణం ఈ వరుస తలకిందులు కావడమే. ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం అంటూ అర్జీతో మొదలవుతుంది, అర్జీ అయిపోగానే మాటలూ అయిపోతాయి. మొదటి మూడు మనవుల్లో ఒక్కోదానికి ఒక నిమిషం ఇవ్వండి, అవి కూడా ఆ రోజు చదివిన అధ్యాయంలోని మాటలతో. తెల్లవారుజామున నాలుగింటికే చేయాలన్న నియమం లేదు. షిఫ్టు ఉద్యోగమైతే మధ్యాహ్నం చేసుకోండి. ఏ వేళైనా ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. బైబిల్ యాప్ కోసమని తెరిస్తే వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ వాక్యాలు చూస్తూ ఆ పదిహేను నిమిషాలూ పోతాయి. అచ్చు పుస్తకమే మేలు.

లోపల ఏమీ లేనప్పుడు ‘సంతోషంగా ఉన్నాను ప్రభువా’ అని నటించకండి. దానికి కీర్తనలున్నాయి. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అనే అర్థంలో నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. ముగింపుకొచ్చేసరికి కృప మీద నమ్మకం ఉంచానంటాడు. 88వ కీర్తనకైతే ఆ మలుపు కూడా లేదు, చీకటితోనే ముగుస్తుంది. అలాంటిది కూడా ప్రార్థన పుస్తకంలో ఉందంటే దేవుడి ముందు ఫిర్యాదు చేయడం అవిశ్వాసం కాదు. అవిశ్వాసి అయితే ఆయనతో చెప్పనే చెప్పడు. మార్కు 9:24లో కొడుకు కోసం వచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం చేయమని అడిగాడు. నీ నమ్మకం సరిపోదని యేసు అతన్ని వెనక్కి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు. రోజూ ఆ ఒక్క మాట అడిగినా చాలు.

తరచుగా దారి తప్పేది వాగ్దానాల దగ్గర. డిసెంబరు 31 రాత్రి కూడికలో వచ్చిన వాగ్దానం కార్డు మీద యిర్మీయా 29:11 ఉంటే ఈ ఏడాది అన్నీ కలిసొస్తాయనుకుంటాం. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దాని పైనున్న 10వ వచనం చదవండి: బబులోనులో 70 ఏళ్లు గడవాలి. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే మట్టిలో కలిసినవాళ్లే. అయినా ఆ మాట నిజమే, అది మొత్తం జనానికి ఇచ్చిన మాట. కార్డు తప్పు కాదు, ఆ అధ్యాయం మొత్తం చదవకపోవడమే చిక్కు. అలాగే యోహాను 11:5, 6 వరుసగా చదవండి. మార్తను, ఆమె సహోదరిని, లాజరును యేసు ప్రేమించాడు. లాజరు రోగి అని విన్నాక ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. రెండు వచనాల మధ్య ‘అయినా’ అన్న మాట లేదు, గ్రీకులో ‘కాబట్టి’ అని ఉంది. ఆలస్యాన్ని ప్రేమ లేకపోవడంగా లెక్కేసే మన పద్ధతికి ఆ ఒక్క మాట అడ్డం పడుతుంది.

కానుక ఇస్తే దీవెన, ఇవ్వకపోతే ఎండిపోవడం అని ఎవరైనా మీ స్థితికి కారణం చెప్తే వినకండి. 2 కొరింథీ 9:7 బలవంతంగా ఇవ్వొద్దంటుంది. దీవెన పండుతుందని అప్పు చేసి కానుకను ‘విత్తనం’గా వేయడం విశ్వాసం కాదు, వడ్డీ లెక్క. లూకా 15లో ఆస్తంతా పాడుచేసుకున్న చిన్నకొడుకు కూడా ఇలాంటి లెక్కతోనే తిరిగి ఇంటికి బయల్దేరాడు. దారిలో కట్టుకున్న మాటల్లో చివరిది, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకోమనడం (19వ వచనం). ఇంటికొచ్చి చెప్పింది చూడండి, 21వ వచనంలో ఆ చివరి మాట లేదు. తండ్రి అప్పటికే వస్త్రం, ఉంగరం తెమ్మంటున్నాడు.

ఉపవాసం చేయాలనుకుంటే ఒక పూటతో మొదలుపెట్టండి, నీళ్లు తాగుతూ. షుగరు మందులు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా చేయకూడదు. యెషయా 58 ప్రకారం మానేసిన ఆ పూట అన్నం ఇంకొకరి కంచంలో పడాలి.

కొన్నిసార్లు ప్రార్థన సాగకపోవడానికి కారణం మోకాళ్ల దగ్గర కాదు, వంటింట్లో ఉంటుంది. 1 పేతురు 3:7 భర్తలకు చెప్తుంది: భార్యను గౌరవించకపోతే ప్రార్థనలకు ఆటంకం వస్తుందని. మత్తయి 5:23, 24 అయితే కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు అన్నదమ్ముడితో సమాధానపడి రమ్మంటుంది. ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే ఈ వారమే ఒక ఫోన్ చేయండి. దాచిపెట్టిన పాపం ఉంటే 1 యోహాను 1:9 ప్రకారం పేరు పెట్టి ఒప్పుకోండి. ‘నా పాపాలన్నీ క్షమించు’ అని గంపగుత్తగా చెప్పేది మనసుకు అంటదు.

ఇవన్నీ చేస్తున్నా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం ఉంటే అది ఆత్మీయ చల్లదనం కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకు చూపించుకోండి. చావు ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఇంట్లో ఒకరికి ఈరోజే చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులో కూడా మాట్లాడొచ్చు. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు పంపింది ప్రసంగం కాదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు, నిద్ర. అదీ రెండుసార్లు. హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అనేవాళ్ల మాట విని వాడుతున్న మందు ఆపొద్దు.

చివరిగా లేవీయకాండం. నిర్గమకాండం 25 నుంచి 31 వరకు ఆరాధన గుడారం కొలతలు, మళ్లీ 35 నుంచి 40 వరకు అవే. దాని తర్వాత బలుల నియమాలు వచ్చేసరికి కథ ఆగిపోయి చదివేవాడు అలిసిపోతాడు. ఈసారి ఆరు వారాల చదువు పూర్తయ్యాక ఆదికాండం, నిర్గమకాండం 1 నుంచి 20, తర్వాత 32 నుంచి 34 చదవండి. బంగారు దూడ తప్పు జరిగిన వెంటనే దేవుడు తన గురించి తాను చెప్పుకున్న మాట 34:6లో ఉంది, అందులోనూ ఆ హెసెదే. ఆపైన హెబ్రీ పత్రిక 13 అధ్యాయాలు చదివితే బలులన్నీ ఎటు చూపిస్తున్నాయో తెలుస్తుంది. అప్పుడు లేవీయకాండం 16, 19 తెరవండి. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ మీరు మూడుసార్లు మూసేసిన ఈ పుస్తకంలోదే, 19:18. దానికి అయిదు వచనాల పైన, కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. అది చదివిన రోజు ఇంట్లో పనిచేసే మనిషికి ఈ నెల జీతం ఇచ్చారో లేదో చూసుకోండి.