ముగింపు తెలిసిన కథకి చివరి సీజన్ మీద అన్ని ఊహలెందుకు?

“ప్రీక్వెల్ అంటేనే తర్వాత ఏమైందో మనకు తెలుసు. మరి బెటర్ కాల్ సాల్ చివరి సీజన్‌కి ముందు జనం అంతకాలం థియరీలు అల్లుతూ ఎందుకు కూర్చున్నారు?” అని అడిగారు. బ్రేకింగ్ బ్యాడ్ అనే అమెరికన్ సీరీస్‌లోని లాయర్ సాల్, అంతకుముందు జిమ్మీగా ఉన్నప్పటి కథ ఇది, అందుకే ప్రీక్వెల్. అలా కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తాను. చివరి ఎపిసోడ్ దాకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కింద ఏదీ దాచడం లేదు.

తర్వాత ఏమైందో తెలుసు అన్నది సగమే నిజం. సాల్, డ్రగ్స్ వ్యాపారి గస్ ఫ్రింగ్, అతని మనిషి మైక్ బ్రేకింగ్ బ్యాడ్‌లో ఉన్నారు కాబట్టి వాళ్లకి ఇప్పుడే ఏమీ కాదు. జిమ్మీ భార్య కిమ్, డ్రగ్స్ ముఠాలోని నాచో, లాలో, మరో లాయర్ హోవర్డ్ అందులో లేరు. టెన్షన్ అంతా ఆ నలుగురి గురించే. పైగా 2020 ఏప్రిల్‌లో ఐదో సీజన్ అయిపోతే ఆరోది 2022 ఏప్రిల్ 18న గానీ రాలేదు. మధ్యలో 2021 జులైలో షూటింగ్ జరుగుతుండగానే సాల్‌గా నటించే బాబ్ ఓడెన్‌కర్క్‌కి గుండెపోటు వచ్చింది. అప్పుడు మాత్రం ఎవరికీ థియరీలు గుర్తు రాలేదు, ఆ మనిషి కోలుకుంటే చాలనుకున్నాం. సెప్టెంబరులో ఆయన మళ్లీ సెట్‌లో అడుగుపెట్టాకే మా వాదనలూ మొదలయ్యాయి.

మా తమ్ముడిది ఒకటే మాట. “కిమ్ చచ్చిపోతుంది అక్కా, రాసిపెట్టుకో. బతికుంటే బ్రేకింగ్ బ్యాడ్‌లో సాల్ ఒక్కసారైనా ఆవిడ పేరు ఎత్తడా?” నెట్‌లో చాలామందిదీ ఇదే లెక్క. నాకు ఆ లెక్క మొదటినుంచీ నచ్చలేదు. సాల్ తన సొంత అన్న చక్ పేరు మాత్రం ఎక్కడ ఎత్తాడు? గుండెలో ముల్లులా ఉన్నవాళ్ల పేర్లు అతను బయటికి రానివ్వడు. కిమ్ బతికే ఉంటుందనీ, అతన్ని వదిలేసి వెళ్లిపోతుందనీ, అదే అతనికి చావుకన్నా పెద్ద దెబ్బ అనీ నేను వాదించేదాన్ని. కథలోంచి ఒక ఆడమనిషి పక్కకి తప్పుకోవాలంటే చావడమొక్కటే దారి అనుకోవడం మనకి సీరియళ్లు నేర్పిన జబ్బు.

ఇంత తవ్వడం పిచ్చి అని మీకు అనిపించవచ్చు. కానీ తవ్వడం అలవాటు చేసింది ఈ సీరీస్ తీసినవాళ్లే. 2009లో బ్రేకింగ్ బ్యాడ్‌లో సాల్ మొదటిసారి కనిపించిన ఎపిసోడ్‌లో, ముసుగులు వేసుకున్నవాళ్లు అతన్ని ఎడారికి లాక్కెళితే భయంతో రెండు పేర్లు అరుస్తాడు, ఇగ్నాసియో, లాలో. అప్పటికి వాళ్లెవరో రాసినవాళ్లకే తెలియదు. ఆ ఎపిసోడ్ రాసిన పీటర్ గూల్డే తర్వాత విన్స్ గిల్లిగన్‌తో కలిసి బెటర్ కాల్ సాల్‌ని తయారుచేశాడు. ఇగ్నాసియో 2015లో నాచోగా వచ్చాడు. లాలో 2018లో, నాలుగో సీజన్ చివర్లో వచ్చాడు. కంగారులో అరిచిన పేరుకి తొమ్మిదేళ్ల తర్వాత ప్రాణం పోశారు! అంతేనా, రెండో సీజన్ పది ఎపిసోడ్ల పేర్లలో మొదటి అక్షరాలు తీసి, వరస మార్చి కలిపితే ఫ్రింగ్ తిరిగొచ్చాడు అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట తయారవుతుంది. దాన్ని పట్టుకున్నది అభిమానులే. ఇలాంటి వాళ్ల చేతిలో కథ ఉన్నప్పుడు ప్రేక్షకుడు ఊరికే చూసి లేచిపోతాడా?

మే 23న వచ్చిన ఏడో ఎపిసోడ్ మేమిద్దరం కలిసి చూశాం. రాత్రి హోవర్డ్ చేతిలో సీసాతో జిమ్మీ, కిమ్‌ల ఇంటికి వస్తాడు. తన పరువు తీసింది వాళ్లేనని అతనికి అర్థమైపోయింది. గదిలో ఒక కొవ్వొత్తి వెలుగుతుంటుంది. అతను మాట్లాడుతుండగా ఆ మంట కొంచెం కదులుతుంది, అంతే. తమ్ముడు “తలుపు తెరుచుకుంది” అన్నాడు. లాలో లోపలికి వచ్చేశాడు. వాడు దిండు గట్టిగా పట్టుకుని “కిమ్, కిమ్” అంటున్నాడు. నేనూ కిమ్ మొహమే చూస్తున్నా. జిమ్మీ, కిమ్ ఇద్దరూ హోవర్డ్‌ని వెళ్లిపొమ్మని బతిమాలుతున్నారు. వచ్చినవాడెవరో కూడా హోవర్డ్‌కి తెలియదు. లాలో తాపీగా తుపాకీకి సైలెన్సర్ బిగించి హోవర్డ్‌ని కాల్చేశాడు. మా ఇద్దరికీ మాట రాలేదు. రెండేళ్లుగా జనమంతా కిమ్‌కి కాపలా కాశారు, హోవర్డ్ వైపు చూసినవాళ్లే తక్కువ. ఈ గొడవలో అసలు సంబంధం లేని మనిషి ఆయనొక్కడే. అతన్ని నేలమీద పడేసి సీజన్‌కి ఏడు వారాల విరామం ఇచ్చారు, జులై 11 దాకా.

ఆ ఏడు వారాలే నాకు ఈ సీరీస్ మొత్తంలో బాగా ఇష్టం. ఇప్పుడు ఒక్క వారాంతంలో అన్ని సీజన్లూ నమిలేసి “స్లోగా ఉంది” అనేవాళ్లకి ఆ సుఖం ఎలా తెలుస్తుంది? ఎపిసోడ్ అయిన పది సెకన్లకి తర్వాతది దానంతటదే మొదలైపోతుంటే మనసులో ఏ ప్రశ్నా పుట్టదు. ఇక ఎపిసోడ్ వచ్చిన గంటకే చచ్చిన పాత్ర ఫొటో పెద్దగా వేసి థంబ్‌నెయిల్ పెట్టే వీడియో చానళ్లున్నాయి చూడండి, వాటి మీద నాకు ఇప్పటికీ కోపమే. థియరీ చెప్పేవాడు మన ఉత్సాహం పెంచుతాడు, థంబ్‌నెయిల్ పెట్టేవాడు దాన్ని దొంగిలిస్తాడు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడకండి.

ఎనిమిదో ఎపిసోడ్‌లో లాలోని గస్ చంపాడు. లాలో, హోవర్డ్ ఇద్దర్నీ ఒకే గోతిలో, తర్వాత బ్రేకింగ్ బ్యాడ్ హీరో వాల్టర్ వైట్ పనిచేయబోయే డ్రగ్స్ ల్యాబ్ కింద పాతిపెట్టారు. తొమ్మిదో ఎపిసోడ్‌లో కిమ్ లాయర్ పని వదిలేసి, సూట్‌కేస్ సర్దుకుని, జిమ్మీని విడిచి వెళ్లిపోయింది. తమ్ముడు నావైపు చూసి “సరే అక్కా” అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు.

వాడు ఒప్పుకున్నా కొంతమంది ఒప్పుకోరు. అభిమానులు గోల చేస్తారని భయపడి రచయితలు కిమ్‌ని బతికించారట! ఫ్లోరిడాలో స్ప్రింక్లర్ల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, ఏ ఐస్‌క్రీమ్ కొనాలో కూడా సొంతంగా చెప్పలేని మనిషిగా మారిపోవడం బతికించడమా? చివరికి ఆవిడే ఆల్బుకర్కీకి వెళ్లి, హోవర్డ్ భార్య చెరిల్ ఎదురుగా కూర్చుని, జరిగిందంతా రాసిన కాగితం చేతిలో పెట్టింది. ఆ కాగితంతో చెరిల్ తనమీద దావా వేసి ఉన్నదంతా లాగేసుకోవచ్చని లాయర్‌గా ఆవిడకి బాగా తెలుసు. తిరిగి వెళ్తూ బస్సులో వెక్కివెక్కి ఏడుస్తుంది. కిమ్‌గా నటించిన రే సీహార్న్ ఏడ్చిన ఆ ఏడుపు చూశాక కూడా ఇది అభిమానుల కోసం చేసిన సర్దుబాటు అనేవాళ్లు ఆ ఎపిసోడ్‌ని ఫోన్ నొక్కుకుంటూ చూశారని నా నమ్మకం.