పెన్ను అమ్మాయి చేతిలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతుంది, లెక్కల్లోనే మార్కులు పడిపోతున్నాయి. ఈసారి వందకి 31 వచ్చాయి. నేను ఇంజనీరింగ్ చదివాను, లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, అందుకే ట్యూషన్ వద్దని రోజూ రాత్రి నేనే కూర్చోబెట్టి చెబుతున్నాను. నా ముందు చేయిస్తే చేస్తుంది, పరీక్షలో మాత్రం అన్నీ మర్చిపోతుంది. ఇంత చిన్న విషయం ఎందుకు అర్థం కాదని అరిచేస్తున్నాను, తను ఏడుస్తుంది, మా ఆవిడ మధ్యలోకి వచ్చి ‘నాకూ లెక్కలు రావు, దానికి నా పోలికే వచ్చింది, వదిలేయండి’ అంటుంది. మా అబ్బాయితో ఈ బాధ ఎప్పుడూ లేదు. ఈమధ్య నేను ఇంట్లో అడుగు పెట్టగానే పాప తన గదిలోకి వెళ్లిపోతోంది. ఇంకా గట్టిగా పట్టుకోవాలా, ట్యూషన్‌లో వేయాలా?

జవాబు: మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది ఆ 31 మార్కులు కాదండీ, మీరు రాగానే పాప గదిలోకి వెళ్లిపోవడం. మార్కులు పెంచుకోవడానికి తనకి ఇంకా బోలెడు సమయం ఉంది. నాన్న కనపడితే తప్పుకోవడం ఈ వయసులో అలవాటైతే మాత్రం, రేపు లెక్కల కన్నా పెద్ద కష్టం వచ్చినా మీ దగ్గరికి రాదు. రోజంతా పనిచేసి వచ్చి మళ్లీ కూతురి పక్కన పుస్తకం తెరిచి కూర్చుంటున్నారంటే మీకు తనంటే ఎంత ప్రేమో నాకు తెలుస్తూనే ఉంది. ఆ ప్రేమ పాపకి అరుపుల రూపంలో చేరుతోంది, అంతే తేడా.

అందుకని ఒక వారం పాటు లెక్కల పుస్తకం మీ ఇద్దరి మధ్యకి రానివ్వకండి. హోంవర్క్ తనే చేసుకున్నంత చేసుకుంటుంది, మిగిలింది టీచర్ చూసుకుంటారు. ఆ వారంలో ఒకరోజు నేరుగా చెప్పండి, ‘నేను అరవకుండా ఉండాల్సింది, ఇకమీదట అరవను, మళ్లీ కోపం వస్తే పుస్తకం మూసేద్దాం’ అని. వెనకాలే ‘కానీ నువ్వు కూడా కొంచెం...’ అని మొదలుపెట్టారంటే ముందు చెప్పినదంతా పోతుంది, అక్కడితో ఆపేయండి.

ఇక మీ అసలు ప్రశ్నకి వస్తాను. మీ ముందు చేస్తుంది, పరీక్షలో మర్చిపోతుంది అన్నారు. మర్చిపోవడం కాదేమో అని నా అనుమానం. ఈసారి కూర్చున్నప్పుడు మిమ్మల్ని మీరే గమనించుకోండి. పాప ఒక మెట్టు దగ్గర ఆగింది, ఎంతసేపు ఓపిక పట్టగలుగుతున్నారు? లెక్కలు బాగా వచ్చిన వాళ్లకి ఎదుటివాళ్లు ఆగితే ప్రాణం కొట్టుకుంటుంది, ‘అక్కడ గుణించాలి కదమ్మా’ అనేస్తారు, లేదా పెన్ను లాక్కుని తామే రాసేస్తారు. అంకెలు వేసింది పాపే, కానీ తర్వాత ఏం చేయాలన్నది ప్రతిసారీ మీరే తేల్చారు. పరీక్ష హాల్లో మీరుండరు కదా. ఇకనుంచి పెన్ను పాప చేతిలోనే ఉండాలి, ఆగిపోయినప్పుడు మీరు మనసులో ముప్పై అంకెలు లెక్కపెట్టుకోండి, అప్పటికీ కదలకపోతే ‘ఇప్పటిదాకా ఏం తెలిసింది, ఏం కనుక్కోమన్నారు?’ అని అడగండి. అంతకుమించి ఏమీ చెప్పకండి. మొదట్లో మీకు చాలా కష్టంగా ఉంటుంది, తనకంటే మీకే ఎక్కువ.

ఇంకో కారణం కూడా ఉంటుంది. పుస్తకంలో శాతాల పాఠం వెనక అన్నీ శాతాల లెక్కలే ఉంటాయి, వరసగా ఇరవై చేస్తే ఇరవయ్యీ వస్తాయి, ఎందుకంటే ఏ పద్ధతి వాడాలో పాఠం పేరే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ పేరు ఉండదు. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది ఇది ఏ రకం లెక్క అన్నది, పాప ఇంట్లో ఎప్పుడూ సాధన చేయనిది సరిగ్గా అదే. కాబట్టి ఒకే పాఠంలోంచి ఇరవై చేయించే బదులు నాలుగైదు వేర్వేరు పాఠాల్లోంచి ఒక్కో లెక్క తీసి కలిపి ఇవ్వండి. కొన్నిసార్లు అసలు చేయించకండి, ఒక్కోదాన్ని చూసి ఎలా మొదలుపెడుతుందో నోటితో చెప్పమనండి, చాలు. ఇలా కలిపి చేస్తే తప్పులు ఎక్కువ వస్తున్నట్టు కనపడుతుంది, చూసి బెదిరిపోకండి, పరీక్షలో పనికొచ్చేది ఈ సాధనే.

లోటు ఎనిమిదో తరగతిలోనే ఉందని కూడా అనుకోవద్దు. నా దగ్గరికి ఇలా వచ్చే పిల్లల్లో చాలామందికి బీజగణితం రాకపోవడానికి కారణం కిందెక్కడో, ఐదారు తరగతుల్లో, భిన్నాల దగ్గర ఉంటుంది. 2012లో బ్రిటన్, అమెరికా పిల్లల వివరాలు తీసుకుని చేసిన ఒక పరిశోధనలో, పదేళ్ల వయసులో భిన్నాలూ భాగహారమూ బాగా తెలిసిన పిల్లలే హైస్కూల్లో లెక్కల్లో ముందున్నారని తేలింది, పిల్లల తెలివితేటలనీ ఇంటి ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. మీరు ఒక చిన్న పని చేయండి. ఒక కాగితం మీద 1/2 + 1/3 వేసి ఇవ్వండి. 2/5 అని రాసిందనుకోండి, పైవి రెండూ కలిపింది, కిందివి రెండూ కలిపింది. వెంటనే తప్పు అనకండి, క.సా.గు. తీయమని కూడా అనకండి. ‘2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా?’ అని అడిగి వదిలేయండి. కాసేపటికి తనకే తడుతుంది, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని. అప్పుడు ఒక గీత గీసి, ఒక చివర సున్నా, ఇంకో చివర ఒకటి పెట్టి, సగం ఎక్కడ, మూడో వంతు ఎక్కడ అని తననే గుర్తు పెట్టమనండి. రెండూ కలిస్తే ఒకటికి దగ్గరగా వస్తుందని కళ్లారా చూశాక 5/6 అనే జవాబుకి అర్థం వస్తుంది, హారాలు ఎందుకు సమానం చేయాలో అప్పుడు చెబితే ఎక్కుతుంది. అలాగే 10 – (6 – 2) ఇచ్చి చూడండి. బ్రాకెట్ తీసేసి 10 – 6 – 2 అని రాసి 2 తెచ్చిందంటే, సమీకరణాల్లో గుర్తులన్నీ ఎందుకు తారుమారవుతున్నాయో మీకు అర్థమైపోతుంది. ఇలాంటి చోట ఆరో తరగతి పుస్తకం తెరవడానికి పాప నామోషీ పడొచ్చు, పడనివ్వకండి, పునాది కదిలిపోయిన చోట పై అంతస్తుకి ఎన్నిసార్లు సున్నం వేసినా నిలవదు.

అరవడం గురించి ఒక్క మాట చెప్పాలి, ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. లెక్క చేసేటప్పుడు బుర్రలో ఒకేసారి మూడు నాలుగు విషయాలు పట్టుకుని ఉండాలి, గుర్తులు, మధ్యలో వచ్చిన అంకె, తర్వాత చేయాల్సింది. అలా పట్టుకునే చోటు ఎవరికైనా చాలా కొంచెమే ఉంటుంది. భయం వచ్చి అందులో కూర్చుంటే వచ్చిన లెక్క కూడా రాదు. మీరు గొంతు పెంచిన క్షణం నుంచి ఆ రాత్రి చెప్పినదంతా వృథా. పరీక్షల టెన్షన్ కూడా ఇలాగే పనిచేస్తుంది. పరీక్షకి ముందు ఓ పది నిమిషాలు తన భయాలన్నీ కాగితం మీద రాసుకుంటే టెన్షన్ ఎక్కువగా ఉండే పిల్లలకి మార్కులు మెరుగైనట్టు 2011లో వచ్చిన ఒక పరిశోధనలో కనపడింది. అందరికీ పనిచేస్తుందని నేను అనను, ఖర్చు లేని పని, ఒకసారి రాయించి చూడండి.

అన్నయ్యతో పోల్చడం ఇవాళే ఆపేయండి, దీనికి వివరణ అక్కర్లేదు.

ట్యూషన్ సంగతి. పై పద్ధతిలో రెండు నెలలు చేశాక కూడా మీకు కోపం ఆగడం లేదంటే తప్పకుండా వేయండి, అప్పుడు మీరు ఓడిపోయినట్టేమీ కాదు, నాన్న నాన్నగా మిగలడం చాలా పెద్ద విషయం. అయితే నలభై మందిని కూర్చోబెట్టి బోర్డు మీద లెక్కలు దింపే చోట వద్దు, ఇంట్లో జరుగుతున్నదే అక్కడా జరుగుతుంది. పాప నోట్సు తిరగేసి ‘ఇక్కడ ఎందుకిలా రాశావు?’ అని అడిగే మనిషి కావాలి. ముందు ఒక క్లాసు చూడండి, టీచర్ ఎక్కువ మాట్లాడుతున్నారా పిల్లలా అన్నది గమనిస్తే సరిపోతుంది.

చిన్నప్పటి నుంచీ గడియారం చూసి టైం చెప్పలేకపోవడం, రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పలేకపోవడం, చిన్న చిన్న కూడికలకి కూడా వేళ్లు లెక్కపెట్టడం లాంటి ఇబ్బందులు తనకి ఉండి, ఎంత సాధన చేసినా మారకపోతే, అది డిస్కాల్క్యులియా, అంటే అంకెలూ లెక్కలూ నేర్చుకోవడంలో ఉండే ఒక ప్రత్యేకమైన ఇబ్బంది, కావచ్చు. అలాంటప్పుడు స్కూల్ కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో కలిసి పరీక్ష చేయించండి. మీరు రాసినదాన్ని బట్టి నాకలా అనిపించడం లేదు, అయినా గమనించడం మంచిది.

చివరగా మీ ఆవిడ గురించి. ‘నా పోలికే’ అన్న మాట ఆమె పాపని కాపాడటానికి అంటున్నారు, నాకు అర్థమవుతుంది, కానీ పాప చెవికి అది నీకెప్పటికీ రావు అన్నట్టే వినపడుతుంది. ఆ మాట ఒక్కటి మానుకోమనండి. దాని బదులు వారంలో రెండు రోజులు ఆమెనే పాప పక్కన కూర్చోమనండి. లెక్కలు రాకపోవడమే ఇక్కడ మేలు, ఎందుకంటే ఆమె మధ్యలో జవాబు చెప్పేయలేరు. పాప తను నేర్చుకున్న లెక్కని అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలి, అమ్మ నిజంగా అర్థం కాని చోట ఆపి ‘ఇదెలా వచ్చింది?’ అని అడగాలి. పాప చెప్పలేకపోయిన చోట పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకోమనండి, మర్నాడు మీ దగ్గర కూర్చున్నప్పుడు ఆ చుక్కల దగ్గర నుంచే మొదలుపెట్టండి.