మండువా ఇంటి వెనక తోటలో గది కట్టేముందు చూరు ఎత్తు కొలవండి

తాతల నాటి మండువా ఇంటి వెనక కొబ్బరితోటలో చిన్న గార్డెన్ హౌస్ కట్టాలి, పాత ఇంటి పక్కన ఎబ్బెట్టుగా ఉండకూడదు, ఎలా అని అడిగారు కదా. మాదీ కోనసీమేనండి, నాలుగేళ్ల క్రితం మేమూ ఇదే పని చేశాం, ఒకసారి తప్పు చేసి సరిదిద్దుకున్నాం కాబట్టి చెప్తున్నా.

మేస్త్రీ మాట విని పదడుగుల గోడలు లేపేసి పైన శ్లాబ్ వేద్దామనుకున్నాం. గోడలు లేచాక పెరటి గుమ్మంలోంచి చూస్తే పెద్దింటి చూరు కంటే ఈ గదే పైకి కనపడుతోంది. నానమ్మ చూసి "ఇదేంట్రా, ఇంటి నెత్తినెక్కి కూర్చున్నట్టుంది" అంది. అప్పుడు టేప్ పెట్టి కొలిస్తే పాత చూరు నేల నుంచి ఏడడుగులే! శ్లాబ్ మానేసి, గోడలు అడుగున్నర తీయించి, తాటి వాసాలు గోడ దాటి కిందికి వాలేలా వేసి చూరు అంచు అదే ఎత్తుకి, పెంకు కూడా అదే వాలుకి దింపించాం. అంతే, రెండూ ఒకింటివే అనిపించాయి.

పెంకు కొత్తది కొనకండి. ఊళ్లో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే బంగాళా పెంకు తెచ్చుకున్నాం, ఒక్కోటీ వేలితో కొట్టి చూశాం, ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టే.

కొబ్బరిచెట్ల కింద మాత్రం వద్దండి, ఒక్క కాయ పడితే పెంకు పగిలిపోద్ది, మట్ట పడితే వరసే జారిపోద్ది. 1996 నవంబర్ తుఫానులో మా తోటలో చెట్లు ఎలా పడ్డాయో నాన్నగారికి ఇంకా గుర్తే, అందుకే ఖాళీ జాగాలోనే కట్టాం. పునాది మట్టం కూడా తగ్గించొద్దు, 1986 ఆగస్టు గోదావరి వరదకి నీళ్లు మా అరుగు రెండో మెట్టు దాకా వచ్చాయట, మేం గచ్చు దానికి పైనే వేయించాం.

ఇంకోటి, చూరు నీళ్లు మట్టి మీద పడితే మొదటి వానకే సున్నం గోడకి మోకాలెత్తు బురద చిమ్ముద్ది. చూరు గోడ మీంచి మూడడుగులు బయటికి రానిచ్చి, నీళ్లు పడేచోట మూరెడు వెడల్పున గులకరాళ్లు పోయించండి.

మొక్కలకి కడియం నర్సరీలకెళ్తే అన్నీ కొనాలనిపిస్తాయి, మేమైతే నందివర్ధనం, పారిజాతం మాత్రం తెచ్చాం, పెద్దింటి ముందున్నవీ అవే కదా.